మిద్దె మీద ప్రతిపక్షం

ఇట్లా దగ్గరికి జరగండి. ఏసీ హోరులో నా మాట సగం కొట్టుకుపోతుంది. సగం విన్న మాట ఎంత పని చేస్తుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కాబట్టి చదివేవాళ్ళు కూడా నా చాప మీద కూర్చుని వింటున్నారనే అనుకుంటాను. సుజాత మాత్రం నా ఎదురుగా కూర్చోవాలి. మొన్న మన బిల్డింగుకు కొత్త మేయరైంది ఆ పిల్లే. వచ్చే నెల నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఖలాస్; ఊరికి పోతున్నాను. పోయేలోగా ఈ పని నిజంగా ఏమిటో ఆమెకు చెప్పిపోవాలి.

నా పేరు రెడ్డెమ్మ. రాయచోటి పక్కన పల్లె. చదువు అయిదో తరగతి. కువైట్‌లో మొదటి పదకొండేళ్ళు ఒక అరబ్బు ఇంట్లో వంట చేశాను. ఆ తర్వాత హవల్లీలో ఒక బడిలో ఊడ్చే పని. జీతం వచ్చిన పనులు అవి. వాటి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అన్నం ఉడికింది, నేల తుడిచాను. నేను చెప్పేది జీతం లేని పని గురించి. ఈ ఆరంతస్తుల బిల్డింగుకు మూడేళ్ళు మేయరుగా ఉన్నాను, ఎనిమిది నెలలు ప్రతిపక్షంగా ఉన్నాను. ఆ రెండో పనిలో ఉండగా ఏ తప్పూ చేయని ఒక మనిషిని దేశం దాటించబోయాను.

నోమమ్మ

మేయర్ అనే మాట మన బిల్డింగులోకి తెచ్చింది రెండో అంతస్తు నోమ్సా మేడం. దక్షిణాఫ్రికా ఆమె. నేను ఊడ్చే బడిలో ఇంగ్లీషు టీచరు. నోమ్సా అని పలకలేక మన ఆడవాళ్ళు నోమమ్మను చేశారు. ఆమె కూడా ఆ పేరుకే పలికేది. ఆమె ఇంగ్లీషు కొంత, నా హిందీ కొంత, మిగిలింది చేతులు. అట్లా మాట్లాడుకునేవాళ్ళం.

ఒకరోజు లిఫ్టు పనిచేయక మెట్లెక్కుతుంటే, ఆయాసపడుతూ చెప్పింది: "మా ఊళ్ళో ఒకప్పుడు నేను మేయర్‌ని."

"అంటే ఏం పని మేడం?" అని అడిగాను.

"కుళాయి రాకపోతే నన్ను తిడతారు. చెత్త తీయకపోతే నన్ను తిడతారు. వాన పడకపోయినా నన్నే."

వెనక సంచులు మోసుకొస్తున్న సుజాత ఆగింది. అప్పటికి సుజాత బ్యూటీ పార్లర్లో కొత్తగా చేరింది, మాటకు ముందు నవ్వేది. "అట్లయితే మన రెడ్డెమ్మక్కే గదా మేయరు! ఈ బిల్డింగులో అందురూ తిట్టేది ఈమెనే!"

అంతే, నాకు పదవి వచ్చింది. లిఫ్టు ఆగినా, బొద్దింకలు వచ్చినా, యజమానితో మాట్లాడాలన్నా నన్ను తోసేవాళ్ళు. ఏడాదికోసారి ఇంటికొక చీటీ వేసి మేయర్‌ని ఎన్నుకోవాలని నోమమ్మే పెట్టింది. పెట్టె లేకపోతే మా అయిదు లీటర్ల కుక్కర్లో వేయించాం. మూత పెట్టి, విజిల్ కూడా పెట్టాం, ఎవరూ చెయ్యి పెట్టకుండా.

ఆమె తన పదవి ఎట్లా పోయిందో చెబితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాళ్ళ కౌన్సిల్లో ఇటు సగం, అటు సగం. ఆమెను దించాలని ఓటు పెట్టారు. ఆమె పార్టీ పెద్దాయన ఒకాయన అన్నం తిని వచ్చి కుర్చీలో నిద్రపోయాడు. చేతులెత్తమన్నప్పుడు పక్కాయన ఈయన్ని తట్టి లేపాడు. ఈయన ఉలిక్కిపడి చెయ్యెత్తాడు. ఆ చెయ్యి అవతలి లెక్కలో పడింది. ఒక్క చెయ్యితో మేయర్ మాజీ మేయర్ అయింది.

"ఆయన్ని తిట్టలేదా మేడం?"

"ఆయన అప్పటికే మళ్ళీ నిద్రపోయాడు" అంది నోమమ్మ.

మర్నాడు అదే హాల్లో ఎదుటి వరసలో కూర్చుందట. కుర్చీలు అవే అయినా, అటువైపు నుంచి చూస్తే గోడ మీది నెర్రెలన్నీ కనబడ్డాయట. అయిదేళ్ళు మేయరుగా ఉండి ఆ నెర్రెలు చూడలేదే అని సిగ్గుపడిందట.

చేప మెట్ల మీద, మనిషి లిఫ్టులో

మేయరుగా నేను ఇచ్చిన తీర్పులలో ఒక్కటి చెబుతాను. మిగిలినవాటిని మర్చిపోవడమే మంచిది.

నాలుగో అంతస్తులో ఎదురెదురుగా రెండు ఇళ్ళు. ఒకటి గోదావరి వైపు సత్తిబాబుది. శుక్రవారం పొద్దున్నే షర్క్ మార్కెట్‌కు పోయి చేప తేకపోతే ఆయనకు వారం గడిచినట్టుండదు. ఎదురింట్లో హైదరాబాదు కుటుంబం. నీచు వాసన పడదు. లిఫ్టులో చేప ఎక్కితే వాసన సాయంత్రం దాకా దిగదని ఆ ఇంటామె నా దగ్గర ముక్కు మూసుకుని మరీ ఫిర్యాదు చేసింది.

సత్తిబాబును పిలిచాను.

"చేపలు తినొద్దంటారా ఏంటి మేయర్ గారూ?" అన్నాడాయన. "మరి నన్నెందుకు పుట్టించాడండీ దేవుడు?"

"తినొద్దనలేదు బాబూ. చేప మెట్ల మీద రావల్ల. మనిషి ఎట్లన్నా రావొచ్చు."

నేను చాలా తెలివిగా చెప్పాననుకున్నాను. సత్తిబాబు నాకన్నా తెలివైనవాడు. మరుసటి శుక్రవారం చేపను మన హారిస్ అబ్దో చేతిలో పెట్టి మెట్ల మీద పంపాడు, తను లిఫ్టెక్కాడు. హారిస్ అంటే బిల్డింగు కాపలా మనిషి. ఈజిప్టు ఆయన. పందొమ్మిదేళ్ళుగా మెట్ల కింది గదిలో ఉన్నాడు. ముందు పళ్ళు మూడు లేవు, ఎవరి మీదా కోపం లేదు. ఆ రోజు లిఫ్టు మూడుకూ నాలుగుకూ మధ్య ఆగింది. చేప ఇల్లు చేరింది, మనిషి చేరలేదు. వాళ్ళావిడ చేపను చూసి, "మా ఆయనేడండీ?" అని అబ్దోను అడిగింది. ఆయనకు తెలుగు రాదు. చేపను చూపించి నవ్వాడు. ఆవిడ గోల చేసింది. సత్తిబాబును బయటికి తీసేసరికి పులుసు చల్లారింది.

ఆ ఏడాది కుక్కర్లో సత్తిబాబు చీటీ నాకు పడలేదు. ఒక్క చీటీ తేడాతో ఓడిపోయాను.

చేపకు ఆజ్ఞ వేయకు సుజాతా. ఎంత కష్టమైనా మనిషికే చెప్పు.

ప్రతి పక్షం

గెలిచింది ప్రభాకర్ సార్. విజయవాడ ఇంజినీరు, అయిదో అంతస్తు. మంచి మనిషి. ప్రతి విషయానికీ కంప్యూటర్లో గళ్ళు గీసి రంగులు వేస్తాడు. గెలిచిన రోజు అందరికీ లడ్డూలు పెట్టి, నాకు దండం పెట్టి అన్నాడు: "రెడ్డెమ్మ గారూ, మీరు తప్పుకోవడానికి వీల్లేదండీ. ఈ రోజు నుంచి మీరే ప్రతిపక్షం."

ఇక్కడ నా తప్పు చెప్పాలి. మా పల్లెలో "ఎదుటి పార్టీ" అంటారు. చిన్నప్పుడే అరబ్బు వంటింట్లో పడ్డాను, అక్కడ తెలుగు టీవీ లేదు. నాకు తెలిసిన పక్షం పంచాంగంలోది. పక్షమంటే పదిహేను రోజులు. కాబట్టి సార్ మాట నాకు "మీరే ప్రతి పక్షం" అని వినబడింది. పదిహేను రోజులకోసారి వచ్చి మాట్లాడమంటున్నాడు, ఓడినదానికి కూడా ఒక రోజు ఇచ్చాడే అని మురిసిపోయాను.

"అట్లనే సార్. తప్పకుండా వస్తా" అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. ఓటమిని ఎంత హుందాగా తీసుకుందో అనుకున్నారట.

వారం విడిచి వారం శుక్రవారం పొద్దున ఆరింటికి మిద్దె మీద చాపలు పరిచేదాన్ని. ఆడవాళ్ళం పన్నెండు మంది దాకా చేరేవాళ్ళం. ఆ వారం అడగాల్సినవి ఒక్కొక్కరూ చెప్పడం, నేను లేచి గట్టిగా అడగడం. జవాబు చెప్పేవాళ్ళు అక్కడ ఉండరు, సార్ నిద్రపోతుంటాడు. అయినా అడిగేవాళ్ళం.

నోమమ్మ ఒకసారి వచ్చి చూసింది. "బాగుంది. కానీ రెండు వారాలకు ఒకసారేనా?"

"అది రూలు మేడం. మీ దేశంలో ఎట్ల?"

"మా దేశంలో ప్రతిపక్షం రోజూ ఉంటుంది."

"దినామూనా! అయ్యో పాపం" అంది సుజాత. "ఇంగ వంటెప్పుడు చేసుకుంటారు?"

ఎండాకాలం వచ్చింది. ఆరింటికే మిద్దె పెనంలాగా కాలేది. గోడ పక్కన కుళాయికి ఒక పైపు ఉంది. కింద చెట్లకు వచ్చేది ఉప్పునీళ్ళ లైను కదా, మిద్దె మీదిది కూడా అదే అనుకున్నాను. ఉప్పునీళ్ళే కాబట్టి నష్టమేముందని పైపు విప్పి వదిలేశాను. వాలు మీద నీళ్ళు పారుతూ మా చాపల కిందుగా పోయేవి. పాదాలు నీళ్ళలో పెట్టుకుని రెండు గంటలు హాయిగా మాట్లాడేవాళ్ళం. సభ ఇంత చల్లగా ఉంటుందని తెలిసి పక్క బిల్డింగు ఆడవాళ్ళు కూడా మా ప్రతిపక్షంలో చేరతామన్నారు.

మొదటి రోజే అబ్దో మెట్లెక్కి వచ్చాడు. పైపు చూపించి, చేతులు ఊపి, "మయ్యా హెల్వా, మామా! మయ్యా హెల్వా!" అన్నాడు.

నాకు వచ్చింది కువైటీ వంటింటి అరబ్బీ. ఆయనది ఈజిప్టు అరబ్బీ, పైగా పళ్ళ సందు నుంచి వచ్చేది. మామా అంటే ఇక్కడ అమ్మా అని, హెల్వా అంటే తీపి అని తెలుసు. మయ్యా అనేది, మనం "అమ్మయ్యా" అన్నట్టు, నన్ను పిలవడం అనుకున్నాను. పాపం ముసలాయనకు తీపి తినాలనిపించిందని, మరుసటి సభకు గోధుమ హల్వా చేసి డబ్బాలో పెట్టి ఇచ్చాను. డబ్బా చూశాడు, నా మొహం చూశాడు, డబ్బా పట్టుకుని దిగిపోయాడు. ఆ తర్వాతి సభకు మళ్ళీ వచ్చి, ఈసారి మెల్లగా, "మయ్యా హెల్వా" అన్నాడు. జీడిపప్పు ఎక్కువేసి ఇచ్చాను.

నీళ్ళేమైనాయి?

కొన్ని వారాలకు బిల్డింగులో నీళ్ళు ఆగిపోవడం మొదలైంది. అదీ శుక్రవారం, అందరూ ఇంట్లో ఉండే రోజు, పదకొండింటికి. తలకు షాంపూ పెట్టుకున్నవాళ్ళు పెట్టుకున్నట్టే బయటికి వచ్చేవాళ్ళు. సత్తిబాబు పులుసు కుండతో నా దగ్గరికి వచ్చి, "మీరే నయమండీ, చేపను ఆపారు గానీ నీళ్ళు ఆపలేదు" అన్నాడు.

నాకు మంచి అవకాశం దొరికిందనుకున్నాను. మిద్దె మీద నిలబడి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, మడమల దాకా నీళ్ళలో నిలబడి అరిచాను: "నీళ్ళేమైనాయి? మేయరు జవాబు చెప్పల్ల!"

"చెప్పల్ల!" అని అందరూ నీళ్ళలో కాళ్ళు కొట్టారు.

ప్రభాకర్ సార్ గళ్ళు గీశాడు. వారం విడిచి వారం శుక్రవారాలన్నీ ఎర్ర రంగు. "చూశారా, ఒక పద్ధతి ఉంది. ఎవరో లెక్క ప్రకారం దొంగతనం చేస్తున్నారు" అన్నాడు. పైట్యాంకు మెట్ల తాళం ఎవరి దగ్గరుంటుంది? అబ్దో దగ్గర. నీళ్ళు ఎవరికి పనికొస్తాయి? కార్లు కడిగేవాళ్ళకు. మరి ప్రతి వారం ఎందుకు చేయడని ఎవరో అడిగారు.

"దొరక్కూడదనే వారం విడిచి చేస్తున్నాడండీ. మహా తెలివైనవాడు" అన్నాడు సార్.

పందొమ్మిదేళ్ళు మెట్లు తుడిచిన మనిషి అట్లా చేస్తాడా అని ఒక్కసారైనా అడగాల్సింది నేను. ప్రతిపక్షం పని అదే కదా. నేనేం చేశాను? "దొంగ దొరికితే ఇంకా చూస్తాండారేంది సార్?" అన్నాను. సార్ యజమానికి ఉత్తరం రాశాడు. నేను అరిచినందుకే రాశాడు, అది నాకు బాగా తెలుసు.

యజమాని కోపిష్టి కాదు గానీ తొందరపాటు మనిషి. అబ్దో ఇఖామా రద్దు చేసి ఊరికి పంపేస్తానన్నాడు. అబ్దోకు అక్కడ ముగ్గురు ఆడపిల్లలు. చిన్నది నర్సు చదువు చదువుతోంది, ఇంకా నాలుగు నెలలు ఉంది.

తీపి

ఆ శుక్రవారం మా సభ జరుగుతోంది. పైపు వదిలాం. నేను దొంగల గురించి మాట్లాడుతున్నాను. అబ్దో పైకి వచ్చాడు. మాట్లాడలేదు. గోడ పక్కన నెయ్యి డబ్బాల్లో ఆయన పుదీనా పెంచుకునేవాడు, వాటిని తీసుకుపోవడానికి వచ్చాడు. ఎండలో నాలుగు డబ్బాలు జరిపేసరికి దప్పికేసినట్టుంది. వంగి పైపు తీసి నోట్లో పెట్టుకున్నాడు.

"ఓ అబ్దో! తాగొద్దు! ఉప్పునీళ్ళు!" అని నేను అరబ్బీలో కేకవేశాను.

గుటకలు వేసి, మూతి తుడుచుకుని, అలసిపోయిన మనిషిలా నన్ను చూశాడు. పైపు నా వైపు పట్టి, నీళ్ళ మీద వేలు పెట్టి, "మయ్యా" అన్నాడు. నాలుక మీద వేలు పెట్టి, "హెల్వా" అన్నాడు.

నేను దోసిలి పట్టి తాగాను. తియ్యని నీళ్ళు. పైట్యాంకువి.

ఉప్పునీళ్ళకూ తియ్యనీళ్ళకూ తేడా వాసనతో చెప్పగలిగే ఊళ్ళో పుట్టినదాన్ని నేను. ఉప్పునీళ్ళకు పుదీనా బతకదని కూడా తెలుసు. ఎనిమిది నెలలు ఆ పుదీనా పక్కన నిలబడి అరిచాను.

సుజాత నీళ్ళలోంచి కాళ్ళు తీసి చాప మీద పెట్టుకుంది. ఒకరి తర్వాత ఒకరు అందరూ తీసుకున్నారు. ఎవరో పోయి కుళాయి కట్టేశారు.

"అక్కా," అంది సుజాత చిన్నగా, "నీళ్ళు యాడికి పోయినాయో తెలిసింది."

"నాకూ తెలిసిందిమే, ఊరుకో" అన్నాను.

అబ్దోను అడిగాను, ఒక్కొక్క మాటా మెల్లగా: "నేనని నీకు తెలుసు కదా. సార్‌కు ఎందుకు చెప్పలేదు?"

"నేను నీళ్ళ సంగతి చెప్పినప్పుడల్లా నువ్వు డబ్బా ఇచ్చావు" అన్నాడు. "నోరు మూసుకోమంటున్నావని అనుకున్నాను. నేను తిన్నాను. తిన్నాక నీ పేరెట్లా చెప్పేది?"

నా జీవితంలో ఎవరికీ లంచం ఇవ్వలేదు. ఇచ్చిన ఒక్కసారీ ఇచ్చానని నాకు తెలియలేదు. పుచ్చుకున్నవాడు మాత్రం దానికి కట్టుబడి ఇల్లు వదిలిపోవడానికి సిద్ధపడ్డాడు.

షర్క్ ఆఫీసులో

నోమమ్మకు చెప్పాను. ఏదో ఉపాయం చెబుతుందనుకున్నాను. "సభ పెట్టకు. ఉత్తరం రాయకు. చెప్పులేసుకో" అంది. ఆదివారం బడికి సెలవు చెప్పి, షర్క్‌లో యజమాని ఆఫీసుకు నలుగురం పోయాం: నేను, నోమమ్మ, సుజాత, అసలు విషయం తెలియక నీళ్ళ గళ్ళ కాగితం చేతిలో పట్టుకుని ప్రభాకర్ సార్. అబ్దో అప్పటికే పెట్టెతో అక్కడ కూర్చుని ఉన్నాడు.

యజమాని చాయ్ తెప్పించాడు. నేను తాగలేదు. "బాబా, హరామీ అబ్దో కాదు. నేను" అన్నాను. హరామీ అంటే అరబ్బీలో దొంగ. మిద్దె, పైపు, కాళ్ళు, హల్వా అన్నీ చెప్పాను.  నన్నే పంపేస్తాడేమోనని భయం. నా ఇఖామా ఆయన చేతిలో లేకపోయినా ఇల్లు ఆయన చేతిలోనే ఉంది.

ప్రభాకర్ సార్ నోరు తెరిచి నన్నే చూస్తున్నాడు. తర్వాత తన కాగితంలోని ఎర్ర గళ్ళు చూసుకున్నాడు.

"అసలు పదిహేను రోజులకోసారి మీటింగ్ పెట్టమని ఎవరన్నారండీ మీకు?"

"మీరే గదా సార్. ప్రతి పక్షం అన్యారు."

 సార్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. భుజాలు ఊగుతున్నాయి, నవ్వుతున్నాడు. అప్పుడు నాకు విడమరిచి చెప్పాడు. పక్షం అంటే పదిహేను రోజులు మాత్రమే కాదని, వైపు అని కూడా అర్థమని. సుజాత, "అయ్యో, నాకూ ఇప్పుడే తెలిసె!" అంది.

"ఏమంటున్నారు?" అని యజమాని అడిగాడు.

సార్ ఇంగ్లీషులో చెప్పబోయాడు. ఒకే మాటకు రెండు అర్థాలని, ఒకటి చంద్రుడికి, ఒకటి రాజకీయానికి అని. యజమాని నోమమ్మ వైపు చూశాడు. నోమమ్మ తనకు అర్థమైనంత చెప్పింది. ఆమెకు అర్థమైంది చంద్రుడు మాత్రమే. చంద్రుణ్ణి బట్టి ఈ బిల్డింగులో నీళ్ళు పోతాయని యజమానికి అర్థమైంది. సముద్రంలో అట్లా అవుతుందని విన్నాను గానీ ట్యాంకులో వినలేదు అన్నాడు.

తర్వాత ఆయన గ్లాసు కింద పెట్టి అడిగాడు. "ఈ ఆమె ఎవరు?"

"మాజీ మేయర్" అన్నాడు సార్, నన్ను చూపించి.

"ఆమె?"

"ఆమె కూడా మాజీ మేయరే. దక్షిణాఫ్రికాలో."

"నువ్వు?"

"నేను ఇప్పటి మేయర్‌నండీ."

"హారిస్‌లు ఎంతమంది?"

"ఒక్కడే."

"ముగ్గురు మేయర్లు, ఒక్క హారిస్" అన్నాడు యజమాని. "మీరు ఆ ఒక్కణ్ణి పంపించమంటున్నారు."

 ఆయన అబ్దో వైపు తిరిగి, "యల్లా, పెట్టె తీసుకుని ఇంటికి పో. మిద్దెకు కొత్త తాళం వేయిస్తాను, తాళంచెవి నీ దగ్గరే ఉంటుంది. మేయర్లు ఎవరడిగినా ఇవ్వకు" అన్నాడు.

అబ్దో లేచాడు. పెట్టె నేను పట్టుకోబోతే ఇవ్వలేదు. దారిలో ముందు సీట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తూ వచ్చాడు. మూడు నెలలు నాతో మాట్లాడలేదు. మెట్ల మీద ఎదురైతే పక్కకు తప్పుకుని గోడ చూసేవాడు. నేను చప్పుడు చేయకుండా నడిచేదాన్ని. ఆ మూడు నెలలు నా పదవీకాలం మొత్తం కన్నా పొడుగు. నాలుగో నెల ఒకరోజు, తన చిన్నకూతురు చదువు పూర్తయిందని ఇంటింటికీ ఖర్జూరాలు పంచుతూ మా తలుపూ కొట్టాడు. నా చేతిలో రెండెక్కువ పెట్టాడు. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. మాటలతో ఇద్దరికీ అప్పటికే చాలా అయింది.

ఆ ఏడాది అందరూ మళ్ళీ నన్నే మేయరుగా నిలబడమన్నారు, సార్ కూడా. నేను ఒప్పుకోలేదు. ఏ పాపమూ లేని మనిషి పెట్టె సర్దుకునేదాకా తెచ్చినదాన్ని. ఆ పెట్టె బరువు తెలిసేదాకా ఆ కుర్చీకి దూరంగా ఉండడమే మేలనుకున్నాను.

అందుకే సుజాతా, నీకు చెప్పేది ఇంతే. నిన్ను తిట్టేవాళ్ళు ఉంటారు, పర్వాలేదు, తిట్టనీ. ఎవరైనా వేలెత్తి ఒక మనిషిని దొంగ అంటే మాత్రం, ఆ మాట కాగితం మీదికి ఎక్కకముందే నువ్వు ఆ మనిషి గదికి పో. నీకు ఆయన భాష సగమే వస్తే, వచ్చేదాకా కూర్చో.

లేవండి ఇక, రేపు అందరికీ డ్యూటీలు ఉన్నాయి. మీ ఇళ్ళల్లో పొయ్యి వెలుగుతూ ఉండాలి. మీ పిల్లల చదువులు మధ్యలో ఆగకూడదు. మీ గడపలో అడుగుపెట్టిన ఏ మనిషీ చెయ్యని తప్పుకు తల వంచుకుని బయటికి పోకూడదు. చల్లగా ఉండండి తల్లీ, అందరూ చల్లగా ఉండండి.